జడలోనే కాదు, వంటింట్లోనూ

నేను మరువాన్ని. తులసి, పుదీనా నా దాయాదులు. తులసికి కోట కట్టారు, పుదీనాను వంటింట్లోకి పిలిచారు. నన్ను మాత్రం పూలబుట్టలో చేర్చారు. కనకాంబరానికి రంగుంది కానీ వాసన లేదు. కదంబం మాలలో దాని పక్కన నన్ను కట్టి ఆ లోటు తీరుస్తారు. సాయంత్రానికి మల్లె వాడితే దాని పరిమళమూ వెళ్లిపోతుంది. నేను ఎండి గలగలలాడుతున్నా నా వాసన నాతోనే ఉంటుంది. అదే నా గర్వం.

నా ఆకుల మీద కంటికి సరిగా ఆనని నూనె తిత్తులుంటాయి. వేళ్ల మధ్య నలిపితే అవి చిట్లి గుప్పుమంటాను.

నా పుట్టిల్లు సైప్రస్, దక్షిణ టర్కీ కొండలు. రాతినేల, మండే ఎండ. గ్రీకులు నన్ను ప్రేమదేవత ఆఫ్రొడైటీకి ప్రియమైన మొక్కగా తలచి, కొత్త దంపతుల తలల మీద నా దండలు పెట్టేవారు. రోమన్లు వీనస్ అని పిలిచిన ఆ దేవత తన మనవణ్ని నిద్రపుచ్చి, సైప్రస్‌లోని ఇడాలియంలో నా పొదల మధ్య పడుకోబెట్టిందని రోమన్ కవి వర్జిల్ 'ఈనియిడ్'లో రాశాడు. తలలో తురుముకునే మురిపెం మీకూ ఆ గ్రీకులకూ ఒకటే.

చలిదేశాలకు వెళ్లాక నా బతుకు మారింది. మంచు కురిస్తే నేను బతకను. అయినా అక్కడివాళ్లు నన్ను వదులుకోలేదు, ఏటా కొత్తగా విత్తుకుంటారు. తినడానికి! జర్మనీలో తురింగియా సాసేజ్‌లో వెల్లుల్లితో కలుస్తాను. పోలండ్‌లో పులిసిన రై ధాన్యం పిండితో కాచే జూరెక్ అనే పుల్లని సూప్‌లో నేను లేకపోతే వాళ్లకు రుచించదు. కొవ్వు ఎక్కువున్న మాంసానికి నా కమ్మదనం బాగా నప్పుతుంది.

పిజ్జా మీద చల్లే ఒరెగానో నా తోబుట్టువే. కార్వక్రోల్ అనే పదార్థం వల్ల దానికంత ఘాటు. నాది మెత్తని, కాస్త తియ్యని వాసన, ఎక్కువసేపు ఉడికిస్తే ఆవిరైపోతుంది. అందుకే నన్ను దించే ముందు వేయాలి. బంగాళాదుంప వేపుడులో, చిక్కటి పప్పుచారులో రెండు రెబ్బలు నలిపి వేసి చూడండి, మీ తాలింపుకు నేను కొత్తదాన్నే కానీ పరాయిదాన్ని కాను.

అయితే పూలకొట్లో కొన్న రెమ్మలు వంటకు వద్దు, వాటి మీద ఏ మందు చల్లారో తెలియదు. లేత కొమ్మ ఒకటి కుండీలో గుచ్చండి. ఎండ తగలనివ్వండి, నీళ్లు నిలవనివ్వకండి. మొగ్గ తొడిగీ తొడగకముందే కోస్తే నాలో వాసన నిండుగా ఉంటుంది.