పలచన అన్న మాట

"రెండు పూటలా వేసుకుంటారండీ. ఒక్క రోజు కూడా మానరు" అని మా ఆవిడ డాక్టరుగారితో చెబుతోంది. పక్కనే స్ట్రెచర్ మీద నేనున్నాను. ఆ మాత్ర మానేసి అప్పటికి 38 రోజులు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెబుదామని నోరు తెరిస్తే ఏదో చప్పుడు వస్తోంది తప్ప మాట రావడం లేదు.

మాది తెనాలి. హైస్కూల్లో తెలుగు పండితుడిగా 34 ఏళ్లు పనిచేశాను. నాకిప్పుడు 71 ఏళ్లు. బీపీ, షుగరు పాతవే. నిరుడు వేసవిలో కంటిశుక్లం ఆపరేషన్‌కి వెళ్తే ముందుగా ఈసీజీ తీశారు. గుండె లయ తప్పుతోందని అందులో బయటపడింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. నాకు దడ లేదు, ఆయాసం లేదు. గుండె డాక్టరుగారు నా వేళ్లనే నా మణికట్టు మీద పెట్టించి "చూసుకోండి మాస్టారూ" అన్నారు. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి ఉందో లేదో తెలియకుండా, మళ్లీ మూడు గబగబా. ఏ గణానికీ కుదరని గురువులూ లఘువులూ.

ఆయన ఓపిగ్గా చెప్పారు. గుండె పైగదులు, అంటే కర్ణికలు, ముడుచుకుని విప్పారాల్సింది పోయి ఊరికే వణుకుతుంటాయి. ఎడమ కర్ణికకు ఆనుకుని చెవి ఆకారంలో చిన్న సంచి ఉంటుంది. రక్తం అందులో కదలకుండా నిలిచిపోతే గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఆ ముప్పు లేనివాళ్ల కంటే ఇంచుమించు ఐదు రెట్లు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టారు. "అరవయ్యైదు దాటారు, ఒకటి. బీపీ, రెండు. షుగరు, మూడు. మగవాళ్లకి రెండు వచ్చినా మందు మొదలుపెడతాం. మీకు మూడు." అపిక్సబాన్ రాశారు. 5 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. జీవితాంతం వాడాలన్నారు.

ఆయన చెబుతున్నంతసేపూ నా మనసు కర్ణిక అన్న మాట దగ్గరే ఆగిపోయింది. చెవి దుద్దుకీ ఆ పేరుంది, తామరపువ్వు నడిమి దుద్దుకీ ఆ పేరుంది, గుండెలో గదికి ఎంత చక్కగా పెట్టారో అనుకుంటున్నాను. మిగతాది సగమే విన్నాను. బయటికొచ్చాక మందుల షాపు కుర్రాడు కవరు చేతికిస్తూ "రక్తం పలచబడే మాత్రలు తాతగారూ, టైముకి వేసుకోండి" అన్నాడు. ఆ మాట మాత్రం పూర్తిగా విన్నాను.

పలచన. నీళ్లు పోస్తే మజ్జిగ పలచనవుతుంది. చింతపండు తగ్గితే చారు పలచనవుతుంది. అలా నా రక్తంలోంచి ఏదో తగ్గిపోతోందనీ, దాంతోపాటు సత్తువా పోతోందనీ లెక్క వేసుకున్నాను. ఆ తర్వాత కనబడినదల్లా దానికి రుజువే అయింది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి ఎరుపు. గులాబీ ముల్లు గీసుకుంటే పావుగంటైనా ఆగని నెత్తురు. ఎక్కడ తగిలిందో తెలియకుండా మోచేతి దగ్గర కమిలిన మచ్చ. సాయంత్రం నడకలో కాళ్లు లాగితే అదీ దీనివల్లే అనుకున్నాను. ఇవన్నీ డాక్టరుగారికి చెప్పాల్సినవి. మోకాళ్లకని నేను సొంతంగా మింగుతున్న నొప్పి మాత్రలు ఈ మందుతో కలిస్తే రక్తస్రావం ఎక్కువవుతుంది. ఒక్కసారి అడిగి ఉంటే ఆ సంగతి అక్కడే తేలిపోయేది. అడగలేదు. చదువుకున్నవాణ్ణి, నలుగురికి చెప్పినవాణ్ణి అన్న బింకం అడగనివ్వలేదు.

మా వీధిలో రిటైరైన పోస్ట్‌మాస్టరుగారు ఉన్నారు. ఆయనకి గుండెలో స్టెంటు వేశారు. ఆస్ప్రిన్ 75 వాడతారు. "ఇదీ రక్తం పలచబడే మాత్రే కదా మాస్టారూ, ఇన్నేళ్లుగా నాకేమీ కాలేదు" అన్నారు. ఇంకెవరో ఈ మందులు ఎలుకల మందు నుంచి వచ్చాయని చెప్పారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. వార్ఫరిన్ అనే పాత మందు 1948లో అమెరికాలో ఎలుకల మందుగానే బజారులోకి వచ్చింది. 1954లో మనుషులకు వాడటానికి అనుమతి వచ్చింది. మరుసటేడు గుండెపోటు వచ్చిన ఆ దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కే ఇచ్చారు. నాకు రాసినది అది కాదు, వేరే రకం. ఇదంతా నేను మంచం మీదున్నప్పుడు తెలుసుకున్నది. అప్పుడు మాత్రం ఎలుక అన్న మాట ఒక్కటే చాలింది.

దసరా వెళ్లిన మర్నాడు మానేశాను. ఆస్ప్రిన్ కొనుక్కుని మొదలుపెట్టాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా ఆవిడ ఊరుకోదు, మా అమ్మాయి అసలే ఊరుకోదు. అందుకని నెలనెలా పాత చీటీతోనే మాత్రలు తెచ్చుకున్నాను. భోజనమయ్యాక నీళ్ల గ్లాసు పట్టుకుని పుస్తకాల బీరువా దగ్గరికి వెళ్లి, మాత్ర నోట్లో వేసుకున్నట్టు తల వెనక్కి వాల్చి నీళ్లు తాగేవాణ్ణి. మాత్రల షీట్లు శబ్దరత్నాకరం వెనక పెట్టేవాణ్ణి. రోజుకి రెండుసార్లు, 38 రోజులు. వంటింటి గుమ్మంలోంచి చూసి మా ఆవిడ నిశ్చింతగా గిన్నెలు సర్దుకునేది. చెయ్యి పడిపోయినందుకన్నా, ఆవిడ అలా నిశ్చింతగా వెనక్కి తిరిగిన తీరు గుర్తొస్తే నాకు ఎక్కువ బాధ.

కార్తీకమాసం వెళ్లిపోతున్న రోజులు. ఐదుంబావుకి పెరట్లో పూలు కోసి, కుళాయి కింద ఇత్తడి చెంబు పెట్టాను. నిండిన చెంబు కుడిచేతిలోంచి జారిపోయింది. వంగి తీద్దామంటే వేళ్లు ముడుచుకోవు. నొప్పి లేదు. నొప్పి ఉంటే కేకవేసేవాణ్ణేమో. చలికి తిమ్మిరెక్కిందనుకుని కాలీడ్చుకుంటూ వచ్చి వరండాలో మంచం మీద పడుకున్నాను. ఆరున్నరకి కాఫీ తెచ్చిన మా ఆవిడ నా మూతి చూసి గ్లాసు కింద పెట్టేసింది. పక్కింటివాళ్లు వాతమన్నారు, నూనె రాయమన్నారు. మా అమ్మాయి ఆ మాట సాగనివ్వలేదు. అల్లుడు కారు తీశాడు. ఎనిమిదింబావుకి గుంటూరులో స్కానింగు గది ముందున్నాం.

"ఆయన మామూలుగా ఉన్నట్టు చివరిసారి మీకు తెలిసింది ఎన్నింటికి?" అని అడిగారు. లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలి. మా ఆవిడ ఆలోచించి "ఐదుంబావుకి పూలు కోస్తూ పద్యం చదువుతున్నారండీ, మాట స్పష్టంగానే ఉంది. ఆ తర్వాత చెంబు పడిన చప్పుడైంది" అంది. అంటే తొమ్మిదీ ముప్పావు దాకా వ్యవధి ఉంది. మెదడులో రక్తస్రావం లేదని స్కానింగులో తేలింది. అప్పుడు అడిగారు రక్తం పలచబడే మందు వాడుతున్నారా అని. గడిచిన రెండు రోజుల్లో ఆ మాత్ర మింగి ఉంటే మామూలుగా ఈ ఇంజెక్షన్ ఇవ్వరు. మెదడులో నెత్తురు కారే ప్రమాదం ఉంటుంది. వేసుకుంటారని మా ఆవిడ చెప్పింది. రోజూ కళ్లారా చూసింది మరి. డాక్టరుగారు చేతిలో కాగితాన్ని పక్కన పెట్టేశారు.

ఎడమచేత్తో స్ట్రెచర్ కమ్మీని కొట్టాను. రెండు వేళ్లు నోటి దగ్గర పెట్టి, కాదు కాదు అని చెయ్యి ఊపాను. ఆయనకి తట్టింది. "మాస్టారూ, మాత్ర వేసుకోవడం లేదా? అవునైతే నా వేలు నొక్కండి." నొక్కాను. "మానేసి రెండు రోజులు దాటిందా?" నొక్కాను. మా ఆవిడ నా వంక చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. అయితే మాట పోయినవాళ్లు చెప్పే అవునుల్నీ కాదుల్నీ అంత తేలిగ్గా నమ్మడానికి లేదు. ఏదైనా ఆధారం కావాలన్నారు. ఇంటి దగ్గర మా మనవరాలు ఉంది. ఇంటర్ చదువుతోంది. నేను పెన్షన్ డబ్బులు ఎక్కడ దాస్తానో దానికి తెలుసు. శబ్దరత్నాకరం పక్కకి లాగి, వెనకున్న షీట్లను గచ్చు మీద వరసగా పేర్చి ఫోటో పంపింది. చిట్లని షీట్లు ఏడు, నాలుగు మాత్రలు పోయినది ఒకటి. తేదీలున్న బిల్లులు కూడా పక్కనే పెట్టింది.

తొమ్మిదీ ఇరవైకి ఇంజెక్షన్ పడింది. నా అబద్ధాన్ని సరిదిద్దుకోవడానికే ఇంచుమించు ఇరవై నిమిషాలు పట్టింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని తర్వాత చదివాను. ఆ ఇరవై నిమిషాల లెక్క నేను కట్టుకోలేదు. కట్టుకునే ధైర్యం రాలేదు.

చెయ్యి వారంలో కదిలింది. మాట రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. నీళ్లు కావాలని నోరు తెరిస్తే గోడ అని వచ్చేది. తప్పని తెలిసేది, సరైనది దొరికేది కాదు. జీవితమంతా మాటల మధ్య బతికినవాడికి అంతకన్నా పెద్ద కష్టం ఉంటుందనుకోను. మా మనవరాలు రెండో తరగతి వాచకం తెచ్చి బొమ్మల మీద వేలు పెట్టి చెప్పించేది. ఇప్పటికీ కొన్ని మాటలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాయి.

మళ్లీ స్కానింగు తీసి, కొన్నాళ్లాగి, అదే అపిక్సబాన్ మొదలుపెట్టారు. పక్షవాతానికి రెండు కలిసి నా లెక్క ఇప్పుడు ఐదు. ఈసారి డాక్టరుగారు చెప్పినదంతా విన్నాను. ఈ మందు రక్తాన్ని పలచన చెయ్యదు. చిక్కదనం ఎంతుందో అంతే ఉంటుంది. పేరుకునే గుణాన్ని మాత్రం నెమ్మది చేస్తుంది. చలికాలంలో పొయ్యి వెచ్చన ఉంచిన నెయ్యి పేరుకోదు. అంతమాత్రాన అందులో నీళ్లు కలిసినట్టా? ఆస్ప్రిన్ చేసే పని వేరు. రక్తఫలకికలు ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. స్టెంటు వేసిన పోస్ట్‌మాస్టరుగారికి కావాల్సింది అదే, ఆయన మానకూడదు. నా గుండె సంచిలో నిలిచిన రక్తం గడ్డకట్టేది ప్రధానంగా ఫైబ్రిన్ అనే దారాల వలగా. ఆ వల అల్లుకోకుండా ఆపాలంటే అపిక్సబాన్‌లాంటి మందే కావాలి. ఈ రెండు మందుల్నీ పోల్చి చూసిన ఒక పరిశీలన 2011లో వచ్చింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండి వార్ఫరిన్ వాడే వీలు లేని 5,599 మందిలో కొందరికి ఆస్ప్రిన్, కొందరికి అపిక్సబాన్ ఇచ్చారు. పక్షవాతమో, ఒంట్లో మరోచోట గడ్డ అడ్డుపడటమో ఆస్ప్రిన్ వాడినవాళ్లలో ఏడాదికి నూటికి 3.7 మందికి, అపిక్సబాన్ వాడినవాళ్లలో 1.6 మందికి జరిగింది. నేను భయపడ్డ పెద్ద రక్తస్రావాలు రెంటిలోనూ ఇంచుమించు సమానం. అంటే ఏది తప్పించుకుంటున్నానని మాత్ర మార్చానో అది తప్పలేదు, ఏది తప్పాలో దానికి తలుపు తీశాను. తెలుగులో పలచన అంటే లోకువ అని కూడా అర్థం ఉంది. ఆ మందుని నేను చూసింది అలాగే.

ఇప్పుడు పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. ఈ మందు ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, ఒక్క రోజు మానినా రక్షణ సడలుతుంది. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరుగారికి ఫోన్ చేస్తాను. నొప్పి మాత్రలు సొంతంగా కొనడం లేదు. ముల్లు గుచ్చుకుంటే గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుంటాను. ఆలస్యంగానే అయినా ఆగుతుంది.

మాత్రలు బీరువాలోంచి భోజనాల బల్ల మీదికి వచ్చాయి. ఆ షీట్ల సంగతి మా ఆవిడ ఇంతవరకు ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే ఒకరోజు, మాటలు కూడదీసుకుని, "మాత్ర... నేనే... మానేశాను" అన్నాను. "తెలుసుగా. ముందు జావ తాగండి, చల్లారిపోతోంది" అంది.

ఇప్పుడు మాత్ర వేసుకునే వేళకి నేనే ఆవిడని పిలుస్తాను. "నేను చూడక్కర్లేదు, వేసుకోండి" అంటుంది వంటింట్లోంచి. అయినా పిలుస్తాను. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడేదాకా గ్లాసు ఎత్తను.