రెండు గంటల పదిహేను

విశాఖ నుంచి భిలాయ్‌కి రైల్లో పోతే హాయి. కానీ మా సరంజామా రైలెక్కదు. పరుగు పోటీల్లో టైమింగ్ చూసే పని మాది. రబ్బరు చాపలు, యాంటెనాలు, రీడర్లు, బ్యాటరీలు, గేటు మీద పెట్టే పెద్ద గడియారం, అన్నీ వ్యాన్‌లో సర్దుకుని ఏ ఊళ్లో పోటీ ఉంటే ఆ ఊరికి రోడ్డు మీదే పోతాం.

ఆసారి స్పాన్సర్ కంపెనీ నుంచి సారొకరు మాతో బయల్దేరారు. తెల్ల టోపీ, కొత్త బూట్లు. ఆయన కూడా పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చారు. సాలూరు దాటి ఘాటెక్కింది మొదలు పరుగు గురించే మాట. కాళ్లదేముందోయ్, అంతా మనసులో ఉంటుంది, మొండితనం ఉండాలి అంటారు. కొరాపుట్‌లో టీ తాగినా అదే, జగదల్‌పూర్‌లో టిఫిన్‌కి ఆగినా అదే.

నాకు బస్తర్ రోడ్డంటే ప్రాణం. జగదల్‌పూర్ చుట్టుపక్కల సంతల్లో ఎర్రచీమల చట్నీ అమ్ముతారు. చాప్డా అంటారు దాన్ని. చీమల్ని, వాటి గుడ్లని ఉప్పూ మిరపకాయా వేసి రోట్లో నూరి ఆకులో పెట్టిస్తారు. చింతకాయలో లేని పులుపు, నిమ్మకాయలో లేని ఘాటు, నాలుక మీద కాసేపు చురచురమంటూనే ఉంటుంది. సారు ముట్టలేదు. కొండగావ్‌లో కమ్మరి కొలిమి దగ్గర ఆగాం. ఎర్రగా కాలిన ఇనప రేకుని ఒకాయన పట్టకారుతో తిప్పుతుంటే, ఇంకొకాయన సుత్తితో కొట్టి కొట్టి జింక కొమ్ములు తీశాడు. అచ్చు లేదు, గీత లేదు, కంటి కొలతే. ఆ జింకని సారు బేరమాడి కొన్నారు. కేశ్‌కాల్ ఘాటు మలుపులు, కాంకేర్, ధమ్తరి, చీకటి పడ్డాక రాయ్‌పూర్ మీదుగా భిలాయ్.

ఈ ఊరు మనవాళ్లకి పరాయిది కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి ఇక్కడ ఉక్కు కర్మాగారం కడుతున్నారని తెలిసి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మట్టి పనికి, ఇటుక పనికి కుటుంబాలకి కుటుంబాలు తరలివచ్చాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించే నాటికి ఇక్కడి బస్తీల్లో తెలుగు వినపడుతూనే ఉండి ఉంటుంది. మనం ఎక్కే రైళ్ల కింద పట్టాలు చాలామటుకు ఇక్కడ సాగదీసినవే. వాటి పునాదిలో మన పల్లెల చెమట ఉందని ఈ ఊరొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

తెల్లారకుండానే చాపలు పరిచాం. పరిగెత్తేవాళ్ల ఛాతీ మీద నెంబరు కాగితం ఉంటుంది కదా, దాని వెనక సన్నటి చిప్ అతికించి ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. చాప నుంచి వచ్చే రేడియో తరంగం తగిలితే చాలు, తన నెంబరు చెబుతుంది. స్టార్టింగ్ దగ్గర ఒక చాప, ఐదో కిలోమీటరు దగ్గర ఒకటి, ఫినిషింగ్ దగ్గర ఒకటి. నడుమ అడ్డదారి తొక్కితే ఐదో కిలోమీటరు చాప పట్టిస్తుంది.

సారు నెంబరు 1147. స్టార్టింగ్‌లో నాకు చెయ్యూపి మరీ వెళ్లారు. ఐదో కిలోమీటరు గంటా 9 నిమిషాలకి దాటారు. నడిచారన్నమాట, పోనీలే అనుకున్నాను. ఫినిషింగ్ చాప మీద ఆ నెంబరు పడేసరికి 2 గంటల 15 నిమిషాలు. లెక్క చూస్తే రెండో సగం మొదటి సగం కంటే తక్కువలో వచ్చేసింది. తర్ఫీదు లేనివాళ్లకి ఇది అంత సులువుగా కుదరదు. మొదట్లో ఊపిరి దాచుకుని, ఒళ్లు అలిసిపోయాక వేగం పెంచాలి. ఫినిషింగ్ దగ్గర కోలాహలంలో మనిషిని చూళ్లేదు గానీ, నాకు నిజంగా సంతోషమేసింది. సర్టిఫికెట్ దానంతటదే ఆయన ఫోన్‌కి వెళ్లిపోయింది.

జనం పల్చబడ్డారు. కేబుళ్లు చుడుతుంటే రీడర్ మోగింది. 1147. మళ్లీ 1147. ఆగకుండా అదే నెంబరు. చిప్ చాప పక్కనే ఉంటే తప్ప అలా మోగదు. సారు చూస్తే హోటల్ గదికి చేరిపోయానని అప్పటికే మెసేజ్ పెట్టారు.

తలెత్తి చూశాను. చాప అంచున ఖాళీ నీళ్లసీసాలతో ఉబ్బిన గోనెసంచి. దానికి ఆనుకుని ఒకామె కాళ్లు చాపుకు కూచుంది. యాభై దాటి ఉంటాయి. చెప్పుల్లో ఒకదానికి పురికొస కట్టి ఉంది. నేను మావాడితో తెలుగులో మాట్లాడుతుంటే విని నవ్వింది.

"మనవాళ్లేనా బాబూ? మాది బొబ్బిలి పక్క. మా అయ్య ప్లాంటు కట్టీటప్పుడు వచ్చీసినాడు."

సంచి చూడొచ్చా అని అడిగాను. సీసాల మధ్య నలిగిన కాగితం, 1147.

"అదా? మొదటి నీళ్లబల్ల కాడ తెల్లటోపీ బాబొకాయన ఆగిపోనాడు. కాయితం పీకీసి, సీసాతోపాటు నా సంచిలో పడీసి ఆటో ఎక్కీసినాడు."

"మరి నువ్వు?"

"ఏటుంది బాబూ, నీళ్లబల్ల ఎంబడి నీళ్లబల్ల. ఏరుకుంటా వచ్చీసినాను. కిలోల్లెక్కన కొంటారు కదా."

ఫలితాల్లోంచి 1147 తీసేసి నిర్వాహకులకి చెప్పాను. ఫోన్ తెరిస్తే సారు స్టేటస్ పైనే ఉంది. కొండగావ్ జింక పక్కన సర్టిఫికెట్ ఫొటో, కింద "మొండితనం ఉంటే చాలు" అని. అభినందనలు వచ్చిపడుతున్నాయి.

ఆమెకి చాప చూపించి, చిప్ చూపించి, వివరంగా చెప్పాను. ఆ సర్టిఫికెట్‌లో ఉన్న టైము దాదాపు అంతా ఆమెదేనని, మొదటి నీళ్లబల్ల నుంచి ఇక్కడిదాకా ఒక్క అడుగు తగ్గకుండా నడిచింది ఆమేనని, బరువు మోస్తూ కూడా రెండో సగం మొదటిదాని కంటే తొందరగా వచ్చిందని. శ్రద్ధగా విన్నది.

"మొత్తం ఎంతసేపన్నావు?"

"రెండుంపావు గంటలమ్మా."

ఆమె మొహంలో నవ్వు పోయింది.

"అంతసేపైపోయిందేటి! అందుకే కావాల, ఆఖరి బల్ల కాడికి నేనెళ్లీసరికి సీసాలన్నీ ఎవులో ఏరుకుపోనారు."