ముచ్చటగా మూడో భాగాన్ని ముంచడం ఎలా?

మీ మొదటి సినిమా ఆడింది. రెండోది ఇంకా బాగా ఆడింది. ఇప్పుడు మూడోది తీయమని నిర్మాత, పంపిణీదారులు, పక్కింటి పిల్లలు అందరూ వెంటపడుతున్నారు. కంగారు పడకండి. ఇందులో కష్టపడాల్సిందేమీ లేదు. హాలీవుడ్ వాళ్లు ఈ దారి ఎప్పుడో వేసిపెట్టారు. 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' వరసలో 2007లో వచ్చిన మూడో భాగం 'ఎట్ వరల్డ్స్ ఎండ్'ను ఎదురుగా పెట్టుకుని, కింద చెప్పినవి వరసగా చేసుకుంటూ వెళ్లండి. ఎంత గట్టి ఓడైనా సరే, ఒడ్డు కనిపిస్తుండగానే మునుగుతుంది.

ముందుగా ఒక సూత్రం బట్టీ పట్టండి. సినిమా చిన్నగా తీయాలంటే ఒళ్లు వంచాలి. పెద్దగా తీయాలంటే బద్ధకం ఉంటే చాలు. ఏ సీను ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చుకోవడానికి కూర్చుని ఆలోచించాలి. అన్నీ ఉంచేస్తే ఆ బాధే లేదు. మిగతా చిట్కాలన్నీ ఈ ఒక్క మాటలోంచి పుట్టినవే.

1. నిడివి పెంచుకుంటూ పోండి

2003లో వచ్చిన మొదటి భాగం 143 నిమిషాలు. 2006లో రెండోది 151. మూడోది దాదాపు 168. వరస చూశారుగా, మీరూ అదే పట్టండి. ఎడిటర్ కత్తెర తీస్తే, "ఈ సీను కోసం ఎంత ఖర్చయిందో తెలుసా?" అని అడగండి. పాపం, దించేస్తాడు. ఎవరైనా "ల్యాగ్ ఉంది" అంటే "అది ల్యాగ్ కాదు, ఎపిక్" అనండి. ఇందులో ఇంకో లాభం ఉంది. మూడు గంటలు కావస్తుంటే ప్రేక్షకుడి ధ్యాస కథ మీద ఉండదు, కాళ్లు చాపుకోవడం మీద ఉంటుంది. అలాంటివాడు లాజిక్ అడగడు.

2. ఒక్క ముక్కలో చెప్పగలిగే కథ పెట్టుకోకండి

మొదటి భాగం చేసిన పొరపాటు ఇదే. కాజేసిన బంగారు నాణేలకు శాపం ఉంది. వెన్నెల పడితే ఆ సముద్రపు దొంగలు అస్థిపంజరాలై కనిపిస్తారు. నాణేలన్నీ తిరిగి పెట్టెలో వేసి, రక్తం చిందిస్తే శాపం పోతుంది. అంతే! స్కూలు పిల్లవాడు కూడా పక్కబెంచీ వాడికి చెప్పేస్తాడు. అర్థమైన కథలోనే తప్పులు దొరుకుతాయి. అర్థం కాని దాంట్లో తప్పెక్కడుందో ఎవడు చూపిస్తాడు?

3. ఉరికంబాలతో మొదలుపెట్టండి

ఈ సినిమాల పుట్టుక డిస్నీలాండ్‌లో 1967లో తెరిచిన ఒక రైడ్. పడవలో కూర్చుని బొమ్మ దొంగల్ని చూస్తూ పిల్లలు కేరింతలు కొట్టే ఆట అది. ఆ సరదా కోసమే జనం థియేటర్‌కు వస్తారని మీకు తెలుసు. అందుకే మూడో భాగం మొదటి సీనులోనే జనాన్ని వరసగా ఉరితీయించండి. ఆ వరసలో ఒక చిన్న పిల్లవాణ్ణి కూడా నిలబెట్టండి. ఉరికి పొట్టి గనక వాడి కాళ్ల కింద పీపా వేయించండి. పాప్‌కార్న్ పట్టుకున్న తండ్రి పక్కనున్న కొడుకు కళ్లు మూయాలా, తన కళ్లు మూసుకోవాలా అని తటపటాయిస్తాడు. "సినిమాకు సీరియస్‌నెస్ వచ్చింది" అని మీరు చెప్పుకోవచ్చు.

4. అందరితో అందరికీ వెన్నుపోటు పొడిపించండి

కథ ముందుకు కదలకపోతే రైటర్లు జుట్టు పీక్కోనక్కర్లేదు. ఎవడో ఒకడు పార్టీ మారిస్తే సరి. కుర్ర హీరో విల్ టర్నర్ ఓడ కోసం సావో ఫెంగ్ అనే దొంగల ప్రభువుతో లోపాయికారీ ఒప్పందం చేసుకుంటాడు. సావో ఫెంగ్ అతన్ని ముంచి ఈస్ట్ ఇండియా కంపెనీ దొర బెకెట్ వైపు దూకుతాడు. బెకెట్ సావో ఫెంగ్‌ను ముంచుతాడు. దాంతో అతను ఇంకో దొంగ బార్బోసాతో కలుస్తాడు. అసలు హీరో జాక్ స్పారో బెకెట్‌తో మాట్లాడుకుంటాడు, ఆపైన విల్ చేతిలో తన దిక్సూచి పెట్టి సముద్రంలోకి తోస్తాడు. విల్ తేలుతూ వెళ్లి బెకెట్ టీ బల్ల దగ్గర తేలతాడు. ఇదంతా రాసుకుని గుర్తుపెట్టుకోవాలా? అక్కర్లేదు. ఎవడు ఎవరి పక్షమో రైటరే మర్చిపోతే అదే ట్విస్టు. గోడ మీద పిల్లి ఒక్కటి ఉంటే ఎటు దూకుతుందోనని చూస్తాం. గోడ నిండా పిల్లులే ఉంటే చూడ్డం మానేసి సెల్‌ఫోన్ తీస్తాం. ప్రేక్షకుడికి విశ్రాంతి ఇచ్చిన పుణ్యం మీదే.

5. కొత్త రూలు ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టండి

కథ ఇరుకున పడిందా? వెంటనే ఒక పాత్రను ముందుకు తోసి, "అనాదిగా ఒక నియమం ఉంది" అనిపించండి. సముద్ర దేవత కాలిప్సోను దొంగల సభ ఎప్పుడో మనిషి ఒంట్లో బంధించిందట. విడిపించాలంటే తొమ్మిది మంది దొంగల ప్రభువుల దగ్గరున్న తొమ్మిది 'పీసెస్ ఆఫ్ ఎయిట్' కావాలట. పేరు చూసి వెండి నాణేలనుకుంటాం. అవి నాణేలు కావు. ఆనాటి ప్రభువుల జేబులు ఖాళీ, అందుకని చేతికందిన చిల్లర సామానే ఇచ్చారట. అందులో ఒకటి ఒక దొంగ కంట్లో ఉన్న చెక్క గుడ్డు! ఫ్లయింగ్ డచ్‌మన్ అనే శాపపు ఓడ కెప్టెన్ డేవీ జోన్స్ గుండెను పొడిచినవాడే ఆ ఓడకు కెప్టెన్ కావాలి. ఆ కెప్టెన్ పదేళ్లకు ఒక్కరోజే నేల మీద కాలు పెట్టాలి. చచ్చినవాళ్ల లోకం నుంచి తిరిగి రావాలంటే ఓడను తలకిందులు చేయాలి. ఇన్ని రూళ్లు ఉంటే చావుకు కూడా విలువుండదు. చచ్చినవాడు మళ్లీ వస్తాడు, రాకపోతే రూలు మారుస్తారు. ఏడవాలో వద్దో తెలియక ప్రేక్షకుడు ఆవలిస్తాడు. కన్నీళ్లు తెప్పించే సీను రాసే శ్రమ మీకు తప్పింది.

6. పెద్ద రాక్షసిని తెరవెనక చంపేయండి

రెండో భాగంలో అందర్నీ వణికించింది క్రాకెన్. ఓడల్ని చుట్టేసి ముక్కలు చేసిన జంతువు, చివర్లో జాక్‌నే మింగేసింది. మూడో భాగంలో దాంతో ఇంకెంత బీభత్సం ఉంటుందోనని జనం ఎదురుచూస్తారు. ఆ ఆశను ఖర్చు లేకుండా తీర్చండి. ఒడ్డున చచ్చి పడున్నట్టు చూపించండి. బెకెట్ చంపించమన్నాడు, డేవీ జోన్స్ చంపేశాడు, ఒక్క డైలాగుతో సరి. ఎవరైనా నిలదీస్తే, "పాత ప్రపంచం అంతరించిపోతోందన్న విషాదం అది" అనండి. తత్వం కలిపితే ఎగవేత కూడా కళైపోతుంది.

7. నచ్చిన పాత్రను మొహం మొత్తేదాకా వడ్డించండి

మొదటి భాగంలో జాక్ స్పారో పులావులో లవంగం. ఉండాల్సినంతే ఉన్నాడు కాబట్టి ఘుమఘుమలాడాడు. ఆ పాత్రకు జానీ డెప్ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు. ఇది చూసి మీరు నేర్చుకోవాల్సిన పాఠం: లవంగాలు గుప్పెడు వేయండి. మూడో భాగంలో ముందు చాలాసేపటి దాకా అతన్ని చూపించకండి. తర్వాత తెల్లటి ఉప్పు ఎడారిలో ఓడ నిండా జాక్‌లనే నింపండి. ఒక జాక్ వేరుశెనగ గింజ తింటాడు, ఇంకో జాక్ అతన్ని కాల్చేస్తాడు, మిగతా జాక్‌లు తాళ్లు లాగుతుంటారు. కథ ఆగిపోయిందే అని అడిగినవాళ్లకు, "హీరో మనసులోకి వెళ్లాం" అని చెప్పండి. మనసులోకి వెళ్లిన సినిమా ఎప్పుడు బయటికొస్తుందని ఎవరూ అడగలేరు.

8. దేవతను విడిపించి, పీతల్ని చేసేయండి

సినిమా సగం దాటేదాకా ఒకటే జపం: కాలిప్సోను విడిపించాలా, వద్దా? విడిపిస్తే ఎవర్ని కాపాడుతుంది, ఎవర్ని కాల్చుకు తింటుంది? జనం ముందుకు వంగి కూర్చుంటారు. అప్పుడు ఆమెను కొబ్బరిచెట్టంత పెంచండి. అందరూ నోళ్లు తెరవగానే వేలకొద్దీ పీతలుగా కూల్చేసి నీళ్లలోకి పంపేయండి. ఒక సుడిగుండం మిగిల్చి ఆమె కథ ముగించండి. ఎవరి పక్షమో తేల్చారా? లేదు. తేల్చాలంటే మళ్లీ కూర్చుని రాయాలి.

9. సైన్యాలను మోహరించి, ఇంటికి పంపేయండి

దీనికి మాత్రం డబ్బు బాగా కావాలి. ఈ సినిమాకు సుమారు 30 కోట్ల డాలర్లు పెట్టారు. అప్పటికి ప్రపంచంలోనే అంత ఖరీదైన సినిమా లేదు. ఒక పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడలు దిగంతం నిండా. ఇంకో పక్క నలుమూలల నుంచి వచ్చిన దొంగల ఓడలు. కొత్తగా దొంగల 'రాజు' అయిన, విల్ ప్రేయసి ఎలిజబెత్ రోమాలు నిక్కబొడుచుకునే ఉపన్యాసం ఇచ్చి జెండాలు ఎత్తిస్తుంది. ఇక మహాయుద్ధమే! అనుకున్నారా? కొట్టుకునేవి రెండే ఓడలు, జాక్ వాళ్ల బ్లాక్ పెర్ల్, డేవీ జోన్స్ ఫ్లయింగ్ డచ్‌మన్. మిగతావన్నీ నిలబడి చూస్తాయి. చివర్లో ఆ రెండూ కలిసి బెకెట్ ఓడకు తూట్లు పొడుస్తుంటే అది తిరిగి ఒక్క గుండు కూడా పేల్చదు. బెకెట్ మెట్లు దిగుతుంటాడు. మిగతా నౌకాదళం వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. వందల ఓడల పోరాటాన్ని ఇలా చేయించకుండానే చేయించినట్టు చూపించడం ఒక విద్య. మధ్యలో ఖాళీ దొరికితే సుడిగుండం అంచున, కత్తులు తిప్పుతుండగానే, బార్బోసా పురోహితుడిగా విల్, ఎలిజబెత్‌ల పెళ్లి కూడా జరిపించండి. వేరే సీను రాయడం తప్పుతుంది.

10. అసలు జవాబును పేర్లు పడ్డాక పెట్టండి, అది కూడా సగమే

కథ కంచికి చేరేలోపే ప్రేక్షకుడు ఇంటికి చేరాలి. అందుకని పేర్లన్నీ నడిచిపోయాక చివరి దృశ్యం వేయండి. పదేళ్లు గడిచాయి, ఎలిజబెత్ కొడుకుతో కొండ మీద నిలబడింది, డచ్‌మన్ కెప్టెన్ అయిపోయిన విల్ ఓడ వస్తోంది. అతనికి విముక్తి దొరికిందా, ఒక్కరోజు సెలవు మీద వచ్చాడా? నోరు విప్పకండి. 2017లో ఐదో భాగం వచ్చి అతను ఇంకా శాపంలోనే ఉన్నాడని చెప్పింది. 2007 నుంచి 2017. కెప్టెన్‌కు ఒడ్డు తగలడానికి పదేళ్లు, ప్రేక్షకుడికి జవాబు తగలడానికీ పదేళ్లే. ఎవరికీ అన్యాయం జరగలేదు.

11. హీరోను మొదలుపెట్టిన చోటికే చేర్చండి

మొదటి భాగంలో జాక్ మునిగిపోతున్న చిన్న పడవలో వచ్చాడు. ఓడ లేదు, దాన్ని బార్బోసా కొట్టేశాడు. మూడు సినిమాలు, ఏడున్నర గంటలకు పైగా సముద్రం తిరిగాక మూడో భాగం చివర్లో ఎక్కడున్నాడు? చిన్న పడవలో. ఓడ లేదు, దాన్ని బార్బోసా కొట్టేశాడు. చేతిలో మాత్రం ఇంకో మ్యాపు ఉంది. ఇంత తిరిగీ ఎక్కడికీ వెళ్లకపోవడంలో గొప్ప పొదుపుంది: తర్వాతి భాగానికి పాత కాగితాలే పనికొస్తాయి.

12. సాకులు ముందే సిద్ధం చేసుకోండి

ప్రెస్‌మీట్‌కు వెళ్లేముందు జేబులో పెట్టుకోండి. "అర్థం కాలేదు" అంటే: "రెండోసారి చూడండి." రెండోసారీ అర్థం కాలేదంటే: "మీరు రెండో భాగం సరిగా చూడలేదు." చూశానంటే: "సముద్రం లోతుగానే ఉంటుంది." పొడుగైందంటే: "టికెట్ డబ్బుకు ఎక్కువ సినిమా ఇచ్చాం." ఏదీ పారకపోతే వసూళ్ల మీద పడండి. ఈ మూడో భాగం ప్రపంచమంతా కలిపి సుమారు 96 కోట్ల డాలర్లు తెచ్చి ఆ ఏడాది మొదటి స్థానంలో నిలిచింది. ఆ టికెట్లు తెంచింది రెండో భాగం మీద ఉన్న మోజు అని ఎవరైనా గొణిగితే వినపడనట్టు నవ్వండి.

13. ఫలితం కోసం ఓపిక పట్టండి

నిరాశ చూపించేది ఆ వారం కలెక్షన్లలో కాదు, తర్వాతి సినిమాలో. అమెరికా, కెనడా వసూళ్లు చూడండి. రెండో భాగానికి 42 కోట్ల డాలర్ల పైన. మూడోదానికి సుమారు 31 కోట్లు. 2011 నాటి నాలుగోదానికి 24 కోట్లు. ఐదోదానికి 17 కోట్లు. బయటి దేశాలు కొంతకాలం అడ్డుపడతాయి. నాలుగోది ప్రపంచం మొత్తం మీద 100 కోట్ల డాలర్లు దాటింది. అది చూసి హడలిపోయి మంచి కథ రాయడం మాత్రం మొదలుపెట్టకండి. పట్టు వదలకుండా పొడిగించండి, కలగాపులగం చేయండి. ఒకనాటికి మీ ఫోన్ మోగడం ఆగిపోతుంది. తర్వాతి భాగం ఎప్పుడని పక్కింటి పిల్లలు కూడా అడగరు. రాయాల్సిన కథ లేదు, తీయాల్సిన సీను లేదు, కోయాల్సిన రీలు లేదు. మీరు మొదటి రోజు నుంచి కోరుకున్నది ఇదేగా!