ట్రాన్సమ్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

నీటిగీత కింద నిలుచు బోల్టులకెల్ల
పాలియూరిథేను పట్టు మేలు
విప్పనున్నదైన వేరొండు గలదయా
చెక్కకు సిలికాను చేటు తెచ్చు

అవతారిక: ఇంజను పడవ లోపల, ప్రొపెల్లరున్న కాలు బయట, నడుమ పడవ వెనక గోడ. స్టెర్న్‌డ్రైవ్ అంటే ఇంతే. అమెరికన్ ఇంజినీరు జిమ్ విన్ ఆలోచనను అందుకుని స్వీడన్ వోల్వో పెంటా 1959లో ఆక్వామాటిక్ పేరుతో దీన్ని బయటపెట్టింది. ట్రాన్సమ్ అనే ఆ వెనక గోడకు కాలి కోసం పెద్ద కంత ఒకటి పడింది. చుట్టూ ట్రిమ్ ట్యాబులకూ, లోతు చెప్పే ట్రాన్స్‌డ్యూసరుకూ, ఈతమెట్టు బ్రాకెట్లకూ చిల్లులు వేరే. వాటి ముందు జిగురు గొట్టం పట్టుకుని, ఏది పిండాలో తోచక నిలబడ్డ యజమానితో కవి ఇలా అంటున్నాడు.

ప్రతిపదార్థం: నీటిగీత కింద = పడవలో మునిగి ఉండే భాగాన; నిలుచు = బిగిసి ఉండే; బోల్టులకు ఎల్ల = బోల్టులన్నిటికీ (ఈ "ఎల్ల" మీద మాకు పేచీ ఉంది); పాలియూరిథేను పట్టు = త్రీఎమ్ 5200 వంటి జిగురు పట్టు; మేలు = శ్రేష్ఠం; విప్పనున్నది ఐన = మళ్లీ ఊడదీయవలసినదైతే; వేరొండు కలదు = మరొకటి ఉంది; అయా = ఓ యజమానీ; సిలికాను = స్నానాలగది మూలల్లో పూసే సరుకు; చెక్కకు చేటు తెచ్చు = చెక్కను కుళ్లబెడుతుంది.

తాత్పర్యం: ఎంత గట్టిగా అంటుతుందని కాదు, రేపు విప్పాలా వద్దా అని ముందు అడుగు.

విశేషాలు: "ఫైబర్‌గ్లాస్ పడవలో చెక్కేమిటి?" అని పూర్వపక్షి. పద్యానికి ప్రాణమంతా అక్కడే ఉంది. చాలా పడవల్లో ట్రాన్సమ్ అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ దాగిన ప్లైవుడ్. బోల్టు పక్కన సన్నని సందు దొరికితే చాలు, నీరు దానిలోకి ఇంకుతుంది. పైన జెల్‌కోట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పలక మెత్తబడుతుంది. అందుకే తెలిసినవారు చిల్లు కావలసినదానికంటే పెద్దదిగా తొలిచి, చిక్కటి ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక నడుమ మళ్లీ తొలుస్తారు. అప్పుడు జిగురు ఓడిపోయినా చెక్క నీటికి చిక్కదు. కవి ఈ సంగతి ఎత్తలేదు. నాలుగు పాదాల్లో చోటు చాలలేదని సరిపెట్టుకుందాం.

సిలికాను అంటినట్టే ఉండి ఊడుతుంది. గీకేసినా దాని జిడ్డు మిగిలి, ఆ చోట తర్వాత ఏ జిగురూ ఏ రంగూ నిలవదు.

"వేరొండు" ఏమిటన్న దాని మీద వ్యాఖ్యాతలు రెండు వర్గాలు. నవ్యులు త్రీఎమ్ 4200 అంటారు. అదీ పాలియూరిథేనే, పట్టు తక్కువ గనక విప్పుకోవచ్చు. ప్రాచీనులు పాలిసల్ఫైడ్ అంటారు. వీరిలో కొందరు రెండో పాదంలోనే "పాలిసల్ఫైడు" అని పాఠాంతరం చూపబోయారు గానీ, "సల్ఫై" రెండూ గురువులే, సూర్యగణంలో ఇమడవు. ఛందస్సు గెంటినంత మాత్రాన పడవ గెంటనక్కర్లేదు. టేకు పలకల సందులకు ఇప్పటికీ అదే వాడతారు. అయితే యాక్రిలిక్, పాలికార్బొనేట్, ఏబీఎస్ ప్లాస్టిక్‌లను అది పాడుచేస్తుంది. ప్లాస్టిక్ బిగింపుల దగ్గర మేము నవ్యుల పక్షం.

అలంకారం విరోధాభాసం. నీటిని ఆపవలసిన పాలియూరిథేను గాలిలోని తేమను పీల్చుకునే గట్టిపడుతుంది. మామూలు 5200 పూర్తిగా గట్టిపడడానికి 5 నుంచి 7 రోజులు కావాలి. శనివారం పూసి ఆదివారం పడవ దించే తొందరపాటువారికి ఈ పద్యంలో అధికారం లేదు.

దోషం అతివ్యాప్తి. "ఎల్ల" అనడంతో స్టెర్న్‌డ్రైవ్ కాలు బోల్టులు కూడా లెక్కలోకొచ్చాయి. ఆ కాలును ఏటా దించి బెల్లోస్, బేరింగు చూసుకోవాలి. అక్కడ రబ్బరు సీళ్లూ గాస్కెట్లూ ఉంటాయి, తయారీదారు మాన్యువలే ప్రమాణం. "ఎల్ల"ను అక్షరాలా నమ్మి అక్కడ కూడా 5200 పట్టించిన పడవను విప్పాల్సిన మెకానిక్ నోట వెలువడే కవిత్వానికి టీకా అక్కర్లేదు, అచ్చువేయడానికీ వీల్లేదు.