‘రోజు రెండేసి గంటలే’: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక: జర్మనీలో మ్యూనిక్ నగరాన ఉద్యోగం చేసుకుంటున్న ఒక కూతురు, బెజవాడలో రిటైరైన తల్లిదండ్రులకు ఐరోపాలో కారు యాత్ర కుదర్చదలచినదై, తనకు సెలవు దొరకక వారిద్దరినే పంపవలసినదై, నాన్న ఉత్సాహమూ అమ్మ మోకాళ్లూ ఎరిగినదై, ఇంటి వాట్సాప్ గ్రూపులో ఈ పద్యం చెప్పింది. ఇందులో నాన్న నాయకుడు, అమ్మ నాయిక. కవయిత్రి పేరు తెలియరాలేదని రాయడం వ్యాఖ్యాతల ఆచారం. ఇక్కడ తెలిసినా రాయడం లేదు.

మెదక్ సీమలోని కొల్చారం మనిషి మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయనకు కారు అద్దె ఒప్పందం చదవవలసిన అవసరం రాలేదు. కనుక నేను అంత గట్టి మాట ఇవ్వలేను.

మూలం:

రోజు రెండేసి గంటలే రోడ్డు మీద,
మూడు రాత్రుల ముందుగా మూటకట్ట
కుండ, లిఫ్టున్న బసలందు కూరుచుండి
మెల్లమెల్లన యూరపు మెచ్చవలయు.

ప్రతిపదార్థం: రోజు = ప్రతి దినమునందును; రెండేసి గంటలే = రెండు గంటలు మాత్రమే; రోడ్డు మీద = మార్గమునందు, అనగా కుడివైపున; మూడు రాత్రుల ముందుగా = ఒక ఊళ్లో మూడు నిద్రలు పూర్తికాక మునుపు; మూటకట్టకుండ = సూట్‌కేసు జిప్పు వేయక; లిఫ్టున్న = మెట్లతో పని లేని; బసలందు = విడుదులయందు; కూరుచుండి = ఆసీనులై; మెల్లమెల్లన = తొందర లేక; యూరపు = యూరపును; మెచ్చవలయు = బాగున్నదనవలెను.

తాత్పర్యం: స్పష్టము. (తేలికైన చోట నాలుగు పేజీలు రాసి, చిక్కున్న చోట ‘స్పష్టము’ అని తప్పుకోవడం మన టీకాకారులకు పరిపాటి. నేను విశేషాలలో ఆ బాకీ తీరుస్తాను.)

రెండేసి గంటలే: ఈ ఏకారం అవధారణార్థకం. రెండున్నరను కూడా సహించదు. ఇక్కడ నాయిక తమ్ముడు, అంటే కవయిత్రికి మేనమామ, పూర్వపక్షం చేస్తున్నాడు. ఆయన గ్రూప్ టూర్‌లో బస్సు కిటికీలోంచి ఐరోపా చూసి వచ్చినవాడు. ‘ఆటోబాన్ మీద చాలా చోట్ల వేగానికి హద్దే లేదు. గంటకు 130 కిలోమీటర్లన్నది ఒట్టి సలహా. రెండు గంటల్లో మూడు వందలు పోవచ్చు కదా, బావగారూ!’ అని ఆయన వాదం.

పోవచ్చు. ఎవరు పోవచ్చునన్నది ప్రశ్న. ఎడమ లేన్‌లో ముందువాణ్ణి దాటుతుండగా, అద్దంలో చుక్కలా కనబడ్డ కారు రెప్పపాటులో వెనక్కి వచ్చి నిలిస్తే నాయకుడికి చెమట పడుతుంది. కుడి లేన్‌లో లారీల వెనక నిదానంగా పోతే తొంభై. పైగా నేల మీద రెండు గంటలకు ఫోన్ మ్యాప్‌లో లేని అంగాలు కొన్ని ఉన్నాయి: పెట్రోలు, కాఫీ, ఎగ్జిట్ దాటిపోయి, తర్వాతి ఎగ్జిట్ దాకా సాగే మౌనం, మూత్రశాల. ఈ చివరిది చిన్న విషయం కాదు. జర్మన్ ఆటోబాన్ విశ్రాంతి స్థలాల్లో చాలా చోట్ల గేటు దగ్గర ఒక యూరో కడితేగాని లోపలికి పోనివ్వరు. చిల్లర నాయిక పర్సులో ఉండాలి. సంస్కృత ఛందస్సులో యతి అంటే ఆగే చోటు, తెలుగులో అక్షరమైత్రి. అరవై దాటినవారికి ఆటోబాన్ మీద సంస్కృత మర్యాదే శ్రేయస్కరం. ఇవన్నీ కలిపితే మ్యాప్ చూపే రెండు గంటలు ఒంటికి మూడున్నర అవుతాయి. ఆ లెక్క తెలిసే కవయిత్రి ‘రెండే’ అంది. పూర్వపక్షం నిలవదు.

రోడ్డు మీద: కుడివైపు నడపడం రెండు రోజుల్లో అలవాటవుతుందంటారు. అలవాటయ్యేది తిన్నని రోడ్డు మీదే. ఖాళీ సందులోంచి పెద్ద రోడ్డెక్కేటప్పుడు పాత బుద్ధి ఎడమకు లాగుతుంది. మన కార్లలో ఎడమ చెయ్యి గేరు మారుస్తుంది, అక్కడ కుడి చెయ్యి. కాబట్టి ఆటోమేటిక్ కారే తీసుకోవాలి. అద్దె కంపెనీల దగ్గర అడక్కపోతే గేర్ల కారే వస్తుంది, అడిగితే డబ్బు ఎక్కువవుతుంది. ఈ యాత్రలో పొదుపు చేయకూడని చోట్లలో ఇదొకటి అని నా అభిప్రాయం. డెబ్బై దాటిన డ్రైవరుకు కొన్ని కంపెనీలు ఇవ్వవు, కొన్ని అదనపు రుసుము అడుగుతాయి. వయసు దాచకుండా ముందే అడగాలి. ఒక దేశంలో కారు తీసుకుని వేరే దేశంలో వదిలితే పడే రుసుము చూసి నాయకుడు ధీరోదాత్తుడు కాస్తా ధీరోద్ధతుడవుతాడు. కనుక మ్యూనిక్‌లో తీసుకున్న కారును మ్యూనిక్‌లోనే అప్పగించాలి. ఎగ్జిట్ దాటిపోయిన ప్రతిసారీ నాయిక కలహాంతరిత.

ఇక్కడ దారి చెప్పడం అవసరం. పద్యంలో దారి లేదు, అధ్యాహారం చేసుకోవాలి. ఏ దేశాలని కవయిత్రి చెప్పకపోవడాన్ని ఆసరా చేసుకుని మేనమామ ఏడు దేశాలు అధ్యాహారం చేశాడు. నాకు రెండు చాలు. మ్యూనిక్ నుంచి కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున లిండావ్ సుమారు 180 కిలోమీటర్లు, మ్యాప్‌లో రెండు గంటలు. పాత ఊరు సరస్సులోని దీవి మీద ఉంది. రేవు వాకిట 1856లో కట్టిన దీపస్తంభం ఒక పక్క, బవేరియా సింహం ఇంకో పక్క. అక్కడి నుంచి ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లో కోల్మార్. తర్వాత మళ్లీ రైన్ దాటి జర్మనీలో, బ్లాక్ ఫారెస్ట్ అంచున బాడెన్ బాడెన్. తిరిగి కూతురింటికి. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మోటార్‌వేలకు స్టిక్కర్ కొనాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాది స్టిక్కరు ఒక్కటే ఉంది, 40 ఫ్రాంకులు. ఒక మధ్యాహ్నం తిరిగినా అంతే. జర్మనీలో కార్లకు టోల్ లేదు. ఈ దారి ఆ రెండు దేశాలకూ పోదు కాబట్టి స్టిక్కరు బెడద లేదు.

శంక: లిండావ్ నుంచి కోల్మార్ రెండు గంటల్లో అందదు. మధ్యలో ఫ్రైబుర్గ్‌లో ఒక రాత్రి ఆగితే మొదటి పాదం నిలుస్తుంది, రెండో పాదం కూలుతుంది. ఆగకపోతే రెండోది నిలుస్తుంది, మొదటిది కూలుతుంది. రెండు విధులు తలపడినప్పుడు ఏది బలవత్తరం? మీమాంసకులు దీనికి చాలా కాగితం ఖర్చు పెట్టేవారు. నా నిర్ణయం: రాత్రుల నియమమే బలవత్తరం. ఒక రాత్రి కోసం మందుల డబ్బా, బీపీ మిషను, కుక్కరు, ఛార్జర్లు విప్పి మళ్లీ సర్దడం గంటన్నర డ్రైవింగ్ కంటే నడుముకు ఎక్కువ చేటు. కాబట్టి ఉదయం తొమ్మిదికి బయల్దేరి మేర్స్‌బుర్గ్ దగ్గర కారును ఫెర్రీ ఎక్కించాలి. 1928 నుంచి నడుస్తున్న ఈ కార్ల ఫెర్రీ పావుగంటలో కోన్‌స్టాంజ్ చేరుస్తుంది. ఆ పావుగంట డ్రైవరు కూడా ప్రయాణికుడే. ఫ్రైబుర్గ్‌లో భోజనం, కాసేపు నడుం వాల్చడం, సాయంత్రానికి కోల్మార్. ఈ ఒక్క రోజూ నియమం తప్పడాన్ని ఆర్షప్రయోగంగా గ్రహించాలి. బాడెన్ బాడెన్ నుంచి మ్యూనిక్ వచ్చే రోజుకూ ఇదే సమాధానం, భోజనం ఉల్మ్‌లో. అక్కడి చర్చి గోపురం 161.5 మీటర్లు, మెట్లు 768. నాయిక ఆ అంకె చదివి కింద చౌకులోనే కూర్చుంటుంది.

మూడు రాత్రుల: ఇది శ్లేష. పైకి విశ్రాంతి, లోపల వీసా. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే షెంగెన్ దరఖాస్తు పెట్టాలి. లిండావ్‌లో మూడు, కోల్మార్‌లో మూడు, బాడెన్ బాడెన్‌లో మూడు, కూతురింట్లో ముందూ వెనకా రాత్రులు కలిపితే జర్మనీదే పైచేయి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల కంటే ఎక్కువ ఉండకూడదు. పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఈ వయసులో ఆ కనీసంతో సరిపెట్టుకోవడం నేను ఒప్పుకోను. పాత జబ్బులకు వర్తిస్తుందా లేదా అన్నది పాలసీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అద్దాలు తుడుచుకుని చదవాలి.

మూటకట్టకుండ: వ్యాకర్తలు ‘కట్టక’ అనమంటారు. అంటే గణం చెడుతుంది. మూటలో ఏముండాలన్నది పద్యంలో లేదు గాని నాయిక సందేహం తీర్చాలి. ఆవకాయ గట్టిగా మూతపెట్టి చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. నెయ్యి, పాలకోవా బెజవాడలోనే ఆగిపోవాలి.

లిఫ్టున్న: పద్యానికి జీవగర్ర ఈ పదం. కోల్మార్ పాత ఊళ్లో కర్ర దూలాల మధ్య గోడలు కట్టిన ఇళ్లు వందల ఏళ్లవి. ఫోటోలో కిటికీ కింద పూలకుండీలు చూసి నాయకుడు బుక్ చేయబోతాడు. మూడో అంతస్తు, మెలికల మెట్లు, లిఫ్టు లేదు. పాత భవనంలో తర్వాత లిఫ్టు పెట్టిన చోట కూడా, దాని దగ్గరికి చేరడానికి అయిదారు మెట్లు ఎక్కవలసి రావచ్చు. కాబట్టి ‘లిఫ్టు ఉందా’ అని అడిగితే చాలదు. ‘వీధి గుమ్మం నుంచి గది దాకా ఎన్ని మెట్లు’ అని అడగాలి. ఇంకో ధ్వని కూడా ఉంది. ఇలాంటి ఊళ్ల నడిబొడ్డుకు కార్లను రానివ్వరు. కారు బయట పార్కింగ్‌లో, బస లోపల, మధ్యలో రాళ్లు పరిచిన వీధి. ఆ రాళ్ల మీద సూట్‌కేసు చక్రాలు చేసే చప్పుడుకు ఊరంతా లేస్తుంది. అందమైన నడిబొడ్డు బస కంటే పాత ఊరి అంచున, పార్కింగ్ ఉన్న సాదా హోటలే మేలు.

కూరుచుండి: ఇది క్త్వార్థకం. క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కరే కావాలి, ఇది చిన్నయసూరి చదువుకున్న పిల్లలందరికీ తెలుసు. అంటే కూర్చున్నవారే మెచ్చాలి. నాయికను కాఫీ హోటల్లో కూర్చోబెట్టి నాయకుడు పార్కింగ్ కోసం ఊరు చుట్టూ తిరుగుతుంటే అన్వయం కుదరదు. ఆమె కూర్చుంది గాని ఒంటరిగా ఏం మెచ్చుతుంది? ఆయన మెచ్చుకుందామన్నా కూర్చోలేదు. ఇద్దరూ ఏకకాలంలో ఆసీనులైతేనే వాక్యం సిద్ధిస్తుంది. యాత్రలన్నీ చెడేది ఇక్కడే. ఒకరు డ్రైవరు, ఒకరు సామాను, ఒకరు ఫోటోగ్రాఫరు, ఒకరు ఫోటో అయిపోతారు. అందుకే బస చేరాక కారును రెండు రోజులు మరచిపోవాలి. కోల్మార్ నుంచి స్ట్రాస్‌బుర్గ్‌కు రైల్లో అరగంట. అల్సాస్ ద్రాక్ష తోటల దారికి 1953లో శ్రీకారం చుట్టారు. అది 170 కిలోమీటర్లకు పైగా ఉన్నా అంతా చూడనక్కర్లేదు. కోల్మార్ పక్కన ఎగిషైమ్ ఒక్క ఊరు చూసినా లోటేమీ లేదు. కోల్మార్‌లోనే పుట్టిన బార్తోల్దీ ఇంటిని మ్యూజియం చేశారు. అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు సగంమంది ఆయన చేసిన విగ్రహం ముందు ఫోటో దిగి ఉంటారు. న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛా దేవత ఆయనదే.

బాడెన్ బాడెన్‌లో కూర్చోవడం వేడినీటి ఊటల్లో. మోకాళ్లకు హాయి. ఒక హెచ్చరిక మాత్రం కూతురు ముందుగా, ఫోన్‌లో, తల్లికి విడిగా చెప్పాలి. 1877లో తెరిచిన ఫ్రీడ్రిక్స్‌బాద్ స్నానశాలలో వస్త్రాలు లేకుండా స్నానం చేయడమే నియమం. పక్కనున్న కరకల్లా కొలనుల్లో ఈత దుస్తులతో దిగవచ్చు. పద్యంలో ఈ సంగతి చెప్పకపోవడం కవయిత్రి ఔచిత్యం.

మెల్లమెల్లన: ఆమ్రేడితం. మరేమీ లేదు.

యూరపు: ద్వితీయా విభక్తి లోపించింది. ఖర్చు తగ్గించుకోవడానికని ఒకరు. కాదు, ఛందస్సు కోసమే.

పాఠాంతరం: మేనమామ గ్రూపులో పెట్టిన ప్రతిలో మొదటి పాదం ‘రోజు రెండేసి దేశాలు రోడ్డు మీద’ అని ఉంది. గణాలు సరిపోయాయి, యతి సరిపోయింది. నాయకుడు దానికి బొటనవేలు గుర్తు కూడా పెట్టాడు. అయినా అది ప్రక్షిప్తం, అగ్రాహ్యం.

చదువరులకు మనవి: సెప్టెంబరు మొదటి సగం ఈ దారికి మంచి కాలం. 15వ తేదీ దాటిన శనివారం మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ మొదలై హోటళ్ల ధరలు ఎగబాకుతాయి. షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, అంటే సెప్టెంబరుకు మార్చిలోనే పెట్టవచ్చు. ఆర్టీవో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మాత్రం ఏడాదికి మించి చెల్లదు, దాన్ని మరీ ముందుగా తీసుకోకండి. అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి.