తొమ్మిది గళ్ల పద్యానికి భద్రాద్రి టీక

గళ్లు తొమ్మిదందు గలవండ్రు జనులకు
మేలు కీడు నిలువు, మీద నడ్డు
విధియు నవిధి; నడుమ వెలయుఁ దటస్థుడు;
దేవుడైన నొక్క దిక్కు నుండు.

ప్రతిపదార్థం: అందు = ఆ ఆటలో; జనులకు = పాత్రలకు; గళ్లు తొమ్మిది = తొమ్మిది గడులు; గలవండ్రు = ఉన్నాయని ఆటగాళ్లు చెబుతారు; మేలు కీడు = మంచితనము, దుష్టత్వము; నిలువు = పైనుంచి కిందికి; మీదన్ = దానిపై; అడ్డు = ఎడమ నుంచి కుడికి; విధియున్ = కట్టుబాటు; అవిధి = కట్టుబాటంటే లెక్కలేనితనము; నడుమన్ = ఆ రెంటి మధ్య; తటస్థుడు = ఏ పక్షమూ పట్టనివాడు; వెలయున్ = ఉంటాడు; దేవుడైనన్ = భగవంతుడైనా సరే; ఒక్క దిక్కున్ = ఏదో ఒక గడిలో; ఉండున్ = ఉండి తీరాలి.

తాత్పర్యం: మనిషి మంచివాడా కాడా, కట్టుబాటుకు లోబడతాడా లేదా అన్న రెండు ప్రశ్నలకు మూడేసి జవాబులు పెట్టి గుణిస్తే తొమ్మిది వస్తాయి. లోకంలో ఎవరినైనా ఆ తొమ్మిదింటిలో ఒకచోట కూర్చోబెట్టవచ్చునని భావం.

విశేషాలు. ‘అందు’ అంటే ఎందు? 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటయందు. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. తొలి పుస్తకంలో లా, న్యూట్రల్, కేయాస్ (విధి, తటస్థం, అవిధి) అనే మూడే పక్షాలు. మంచిచెడ్డల గీత తర్వాత వచ్చి చేరింది. 1978 నాటి ఆటగాళ్ల పుస్తకంలో లాఫుల్ గుడ్ (విధి, మేలు) మొదలు కేయాటిక్ ఈవిల్ (అవిధి, కీడు) దాకా తొమ్మిదీ కనిపిస్తాయి. 1980లో వచ్చిన ‘డైటీస్ అండ్ డెమిగాడ్స్’ దేశదేశాల దేవతలతో పాటు ఇంద్రాగ్నులకు కూడా పక్షాలు నిర్ణయించింది. దేవేంద్రుడికే గడి కేటాయించాక భద్రాచలం అడవిలోని వారికి మినహాయింపు ఉండదు కనుక, పద్యాన్ని గోదావరి ఒడ్డున ఉదాహరణలతో పరీక్షించడం న్యాయం.

మొదటి ఉదాహరణ పర్ణశాల. భద్రాచలానికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, దుమ్ముగూడెం మండలంలో ఉన్న ఈ ఊరే సీతారాములు కుటీరం కట్టుకున్న చోటని స్థానికుల నమ్మకం. నాసిక్ పంచవటి వారు ఒప్పుకోరు. ఆ వ్యాజ్యం ఇక్కడ అప్రస్తుతం. రాముడు లాఫుల్ గుడ్ అనడానికి ఆటగాళ్లెవరూ తడుముకోరు. తండ్రి మాట కోసం రాజ్యం వదిలినవాడికి అంతకంటే తగిన గడి లేదు. అయితే రామాయణం ప్రకారం ఆ అరణ్యభాగం జనస్థానం. పద్నాలుగు వేల మంది రాక్షసులతో ఖరుడు అక్కడ రావణుడి తరఫున కావలి కాస్తున్నాడు. ఆ ఠాణా లెక్కలో అనుమతి లేకుండా వచ్చి కుటీరం వేసినవాడు రాముడు. ముక్కు చెవులు పోగొట్టుకుని ఫిర్యాదుకు వచ్చిన ఆడపడుచు శూర్పణఖ. రాముడి జవాబు కిష్కింధలో దొరుకుతుంది. కొండలతో అడవులతో కూడిన ఈ భూమంతా ఇక్ష్వాకులదేనని, భరతుడి ఆజ్ఞతోనే దండిస్తున్నానని వాలికి చెబుతాడు. అంటే తగాదా మంచిచెడ్డల మీద కాదు, హద్దుల మీద. ‘విధి’ అన్న పదానికి అర్థం రాసిన టీక, అది ఎవరి విధో రాయలేదు. పద్యంలోని లొసుగంతా అక్కడే ఉంది.

మారీచుడి సంగతి ఇంకా చిక్కు. పూర్వం యజ్ఞాలు చెడగొట్టినవాడే, రాముడి బాణం దెబ్బకు బుద్ధి తెచ్చుకుని జటాధారియై తపస్సు చేసుకుంటున్నాడు. సీతాపహరణం వద్దని రావణుడికి చెప్పాల్సినంతా చెప్పాడు. వినకపోతే చస్తావని రాజు బెదిరించాక, ఎటూ చావు తప్పనప్పుడు రాముడి చేతిలో పోవడమే మేలనుకుని బంగారు లేడి అయ్యాడు. రాజాజ్ఞ పాటించాడు కనుక విధిబద్ధుడు, పని దుర్మార్గం, మనసు అందులో లేదు. ఒక మనిషికి మూడు గళ్లు. ఆట పాత నియమాల్లో పక్షం మారితే జరిమానా ఉండేది కాని, ఒకే పూట మూడు పక్షాల్లో ఉన్నవాడికి ఏంచేయాలో రాయలేదు.

జటాయువు తేలిక. రావణుడికి ముందు ధర్మం చెప్పి, వినకపోతేనే ముక్కుతో గోళ్లతో యుద్ధం చేశాడు. నోటీసు ఇచ్చి చర్య తీసుకున్న ఈ ముసలి పక్షి లాఫుల్ గుడ్ గడికి రాముడి కంటే ఎక్కువ అర్హుడు. పడిన చోటు భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఏటపాక అనీ, రెక్క తెగి పడింది దిగువన రేకపల్లిలో అనీ చెప్పుకుంటారు. 2014లో హద్దులు మారి ఏటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది, పర్ణశాల తెలంగాణలో ఉండిపోయింది. నేరం జరిగింది ఒక రాష్ట్రంలో, సాక్షి పడింది ఇంకో రాష్ట్రంలో.

శబరి పేరు మోసే నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. వాల్మీకి శబరి మతంగాశ్రమంలో గురుశుశ్రూష చేసిన నియమవతి. అడవి పండ్లు సేకరించి పెట్టింది, అంతే. పండ్లు కొరికి రుచి చూసి ఎంగిలి పెట్టిన శబరి తర్వాతి భక్తికథలది. మొదటామె లాఫుల్ గుడ్, రెండో ఆమె కేయాటిక్ గుడ్. జనం రెండో ఆమెనే గుండెలో పెట్టుకున్నారు.

రేకపల్లి దగ్గర పురాణం వదిలి చరిత్రలోకి రావాలి, ఎందుకంటే అవిధి అంటే ఏమిటో ఈ ఊరంత స్పష్టంగా చెప్పేది లేదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సుల నుంచి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. అప్పటిదాకా కొండరెడ్లు, కోయలు పెద్దగా అడ్డు లేకుండా కొట్టుకున్న పోడు మీద కొత్త దొరతనంలో పన్ను పెరిగింది, ఆంక్షలు వచ్చాయి. పక్క మన్యంలో కల్లు మీద చిగురుపన్ను వేశారు. 1879లో రంప పితూరీ లేచినప్పుడు ఆ మంట రేకపల్లి వైపుకూ పాకింది. అదే గొడ్డలి, అదే కొండవాలు, అదే మనిషి. కాగితం మారగానే విధిలో ఉన్నవాడు అవిధిలోకి వెళ్లిపోయాడు. మళ్లీ 2006 అటవీ హక్కుల చట్టం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడిని విధిలోకి తెచ్చింది. డిసెంబరు 14న చెట్టు కొట్టినవాడు అవతలి గడిలోనే మిగిలాడు. తొమ్మిది గళ్ల పటంలో మనుషులు కదులుతారని ఆటగాళ్లు అనుకుంటారు. ఈ అడవిలో కదిలేవి గీతలు.

భద్రాచలం కొండ మీదికి వస్తే, మొదట నమస్కరించవలసింది పోకల దమ్మక్కకు. భద్రిరెడ్డిపాలెంలో ఉండే ఈమె కలలో ఆనతి విని పుట్టలో విగ్రహాలు కనుగొని, పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. ఆలయ విధి పుట్టకముందే పూజ చేసిన మనిషి కనుక న్యూట్రల్ గుడ్. వివాదం లేదు.

వివాదమంతా నేలకొండపల్లి కంచర్ల గోపన్నది. అబుల్ హసన్ తానీషా గోల్కొండ ఏలుతుండగా పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తులో ఆరు లక్షలు అనుమతి లేకుండా గుడికి, నగలకు ఖర్చు పెట్టాడని, పన్నెండేళ్లు గోల్కొండ కోటలో బందీగా ఉన్నాడని సంప్రదాయం.

పూర్వపక్షం: సర్కారు సొమ్ము సొంత నిర్ణయంతో ఖర్చు చేయడం అవిధి, దేవుడికి చేశాడు కనుక మేలు, కాబట్టి కేయాటిక్ గుడ్.

సమాధానం: ఈ మాట గోపన్న పాటలు విననివారిది. ‘ఇక్ష్వాకు కుల తిలక’ కీర్తనలో ఏ నగకు ఎంతయిందో సీతమ్మ పతకంతో సహా పద్దు చదువుతాడు. దెబ్బలు తింటూ కూడా ఖర్చు లెక్క అప్పజెప్పినవాడిని కట్టుబాటు లేనివాడనడం అన్యాయం. లెక్క సరైనదే; సమర్పించిన కచేరీ వేరు. అతని దొర గోల్కొండలో కాదు, గుట్ట మీద ఉన్నాడు. ఆ దొర విధి ప్రకారం గోపన్న లాఫుల్ గుడ్, సుల్తాను విధి ప్రకారం నేరస్థుడు. రెండూ నిజం.

తానీషాను సినిమాలు విలన్ గడికి దగ్గరగా తోస్తాయి. సొమ్ముకు జవాబు చెప్పని ఉద్యోగిని ఖైదు చేయడం ఏ కాలంలోనైనా ప్రభుత్వం చేసే పనే. పైగా కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ అతని పేరనే చెప్పుకుంటారు. ఇప్పటి ప్రభుత్వాలు శ్రీరామనవమికి దాన్నే కొనసాగిస్తున్నాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాక తానీషా కూడా దౌలతాబాదు కోటలో ఖైదీ అయ్యాడు. లాఫుల్ న్యూట్రల్ అని రాసుకుని సాగిపోవచ్చు.

ఇక నాలుగో పాదం. దేవుడికైనా ఒక్కటే గడి అంటుంది పద్యం. కథలో రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే మారుపేర్లతో రాత్రివేళ తానీషా దగ్గరకు వెళ్లి ఆరు లక్షలూ చెల్లించి రసీదు పుచ్చుకున్నారు. బాకీ తీర్చడం విధి. రసీదు అడగడం విధిలోకెల్లా విధి. మారువేషం, తప్పుడు పేరు, వేళకాని వేళ ప్రవేశం ఏ చట్టంలోనూ చెల్లవు. గర్భగుడిలోనూ ఇదే తంతు: ఇక్కడి రాముడికి నాలుగు చేతులు, సీతమ్మ ఎడమ తొడపై కూర్చుని ఉంటుంది, అన్నిచోట్లా కుడిచేత ఉండే చక్రం ఎడమకు, ఎడమన ఉండే శంఖం కుడికి వచ్చాయి. శిల్పంలోనే దిక్కులు మార్చుకున్న దేవుడిని ఒక్క దిక్కున కూర్చోబెట్టడం పద్యకారుడి తరం కాదు. మొదటి మూడు పాదాలు ఆట వరకు చెల్లుతాయి. నాలుగోది ప్రక్షిప్తం, పాఠంలో నుంచి తీసివేయదగింది.