పార్కులో ప్రార్థన, కంపెనీకి తాఖీదు

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మన పోలీసులకు ఎవరైనా నేర్పాలా? 2018 డిసెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడా సెక్టార్ 58 పార్కులో శుక్రవారం నమాజుకు అనుమతి లేదన్నారు. అంతవరకే అయితే సరే. మీ ఉద్యోగులు అక్కడ కనిపిస్తే బాధ్యత మీదేనంటూ చుట్టుపక్కల కంపెనీలకు తాఖీదులిచ్చారు! ఇక హెచ్‌ఆర్ వాళ్లు హాజరుతో పాటు ఎవరి మోకాళ్లు ఎక్కడ వంగుతున్నాయో కూడా రాసుకోవాలన్నమాట.

పార్కుల్లో, వీధుల్లో కొత్తగా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. అయినా వేపచెట్టు మానుకు తొలుత పసుపు, వారానికి కుంకుమ, నెలకు గ్రిల్లు, పండక్కి హుండీ. పోటీగా ఒక మూల జెండా, ఇంకో మూల సిలువ. తాఖీదు ఇవ్వాల్సిన సారే వచ్చి దణ్ణం పెట్టి వెళ్తారు. దేవుళ్ల చిరునామా దొరకలేదేమో!

మందు పెద్దదేం కాదు. మైకు లేకుండా కాసేపు మొక్కుకుని, చాప చుట్టుకుని పోయేవాళ్లు ఏ మతంవాళ్లయినా ఫర్వాలేదనండి. మైకు, షామియానా, హుండీ తెస్తే ఏ దేవుడి తరఫునైనా కుదరదనండి. ఒకే రూలు బోర్డు మీద రాసి గేటుకు తగిలించండి.

అక్కడే ఉంది తంటా. అందరికీ ఒకే రూలంటే, నాయకులు ఏ మొహం పెట్టుకుని ఓట్లడుగుతారు పాపం!